ఎదుటివాడి వంతు: గర్ప్స్‌లో ఒక యోధుణ్ని రెండుసార్లు తయారు చేసిన కథ

గొడ్డలివాడు నేలకూలడానికి ఆట లెక్కలో రెండు సెకన్లు పట్టింది. టేబుల్ దగ్గర అది పది నిమిషాలు. అతన్ని తయారు చేసిన ఆటగాడు అంతకు ముందు వారమంతా కూర్చుని నాలుగు పేజీల పూర్వకథ రాసుకున్నాడు. మొదటి పోరులోనే ఆ పాత్ర పోయింది. ఆ రాత్రి అతను పాత్ర పత్రాన్ని మడిచి జేబులో పెట్టుకుని, "అన్నా, నా తప్పెక్కడుందో చెప్పు. పాచికలు బాగా పడలేదని మాత్రం చెప్పకు" అన్నాడు. ఆ మాట నిజమే. పాచికల దోషం చాలా తక్కువ. ఆ పాత్ర అలా చనిపోయేలా తయారైంది, గేమ్ మాస్టర్‌గా, అంటే ఆట నడిపి ఎదుటివాళ్ల పక్షాన ఆడేవాడిగా, అది ముందే చూడవలసినవాణ్ని నేను.

మేము ఆడుతున్నది గర్ప్స్, నాలుగో ఎడిషన్: టేబుల్ చుట్టూ కూర్చుని ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా, పాచికలు వేస్తూ కథ నడిపే ఆట. స్టీవ్ జాక్సన్ గేమ్స్ సంస్థ 1986లో మొదట తెచ్చిన ఆట ఇది. నాలుగో ఎడిషన్ 2004లో వచ్చింది. 1974 నాటి డంజియన్స్ అండ్ డ్రాగన్స్ బాటలో నడిచే ఆటల్లో పాత్ర స్థాయి పెరిగినకొద్దీ హిట్ పాయింట్లు (ఎంత గాయం తట్టుకోగలడో చెప్పే అంకె) కూడా పెరుగుతాయి. మొదట్లో ఒక్క కత్తివేటుకు పడిపోయినవాడు కొన్ని నెలల ఆట తరువాత పది వేట్లు తట్టుకుంటాడు. గర్ప్స్‌లో ఆ మెట్లు లేవు. హిట్ పాయింట్లు సాధారణంగా బలంతో సమానం, పాయింట్లు పెట్టి బలాన్నో, వాటినే విడిగానో కొనుక్కుంటే తప్ప అవి పెరగవు. మామూలు మనిషికి 10. గట్టి పోటు ఒకటి దిగితే ఎంత అనుభవమున్న యోధుడైనా కిందపడతాడు. పోరులో ఒక్కో వంతు ఒక్క సెకను. చాలా పనులకు మూడు పాచికలు వేసి, పడిన మొత్తం ఆ పనిలో మన పాత్రకున్న సంఖ్యకు సమానంగా గాని తక్కువగా గాని ఉంటే గెలిచినట్టు. సంఖ్య 10 అయితే అవకాశం 50 శాతం, 12 అయితే 74, 14 అయితే దాదాపు 91, 16 అయితే 98. కింద చెప్పేదంతా ఇలాంటి అంకెల మీదే నడుస్తుంది.

గొడ్డలివాడికి 100 పాయింట్లు, పాత్రను తయారు చేయడానికి ఖర్చు పెట్టేవి. బలం 14 (40 పాయింట్లు), చురుకుదనం 12 (40), తెలివి 10, ఆరోగ్యం 10 (ఈ రెండింటికీ ఖర్చు లేదు). ముక్కోపం లాంటి లోపాలు తీసుకున్నందుకు 20 పాయింట్లు తిరిగి వచ్చాయి. రెండు చేతుల గొడ్డలి నైపుణ్యం మీద 24 పెట్టి దాన్ని 18కి చేర్చాడు. మిగతా 16 గుర్రపు స్వారీ, బెదిరింపు, జాడ తీయడం, చేతిపోరు మీద పోయాయి. బరువు వద్దనుకుని తోలు కవచం వేశాడు. అది ప్రతి దెబ్బలో 2 ఆపుతుంది. పెద్ద గొడ్డలి దెబ్బ రెండు పాచికలకు మరో 3, సగటున 10. నరికే ఆయుధం కాబట్టి కవచం దాటిన దెబ్బ ఒకటిన్నర రెట్లవుతుంది. పత్రం చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. నాకూ వేసింది.

ఒక రాతి నడవ, ఇద్దరు పక్కపక్కన నిలబడేంత వెడల్పు. ఎదురుగా ముగ్గురు బందిపోట్లు, అందరూ బల్లెంగాళ్లే: ఒకడు ముందు, ఇద్దరు వెనుక. గొడ్డలివాడి వెంటే మా జట్టు విలుకాడు నిలబడ్డాడు. మొదటి సెకనులో గొడ్డలివాడు ముందున్నవాణ్ని నరికాడు. పాచికల మొత్తం, 3 కలిపి, 11. బందిపోటు వేసుకున్న గుడ్డ కవచం 1 ఆపగా మిగిలింది 10, ఒకటిన్నర రెట్లు చేస్తే 15. 11 హిట్ పాయింట్లున్నవాడు అక్కడికక్కడే కూలిపోయాడు. టేబుల్ చుట్టూ అందరూ అరిచారు.

తరువాతిది బల్లెంగాళ్ల వంతు. వెనుకనున్న ఇద్దరూ రెండు చేతులతో బల్లేలు ముందుకు చాచారు. "ఎలా కాచుకుంటావు?" అని అడిగాను. "గొడ్డలితో" అన్నాడు. అప్పుడు నియమం చెప్పవలసి వచ్చింది. ఆ పెద్ద గొడ్డలి విసిరాక సిద్ధంగా ఉండదు. మళ్లీ సరిగ్గా పట్టుకోవడానికి ఒక పూర్తి వంతు కావాలి. బలం 18 ఉన్నవాడికే ఈ ఇబ్బంది ఉండదు. నైపుణ్యం 18లో సగానికి 3 కలిపి కాచుకునే సంఖ్య పత్రం మీద 12గా, పెద్ద అక్షరాలతో కనిపిస్తోంది. కాని నరికిన మరుక్షణం అది అతనికి అందుబాటులో లేదు. మిగిలింది తప్పుకోవడం ఒక్కటే. చురుకుదనం, ఆరోగ్యం కలిపి నాలుగుతో భాగిస్తే వేగం 5.5, భిన్నం వదిలేసి 3 కలిపితే 8. మూడు పాచికల మీద 8 అంటే 26 శాతం. ఒక అడుగు వెనక్కి వేస్తే దానికి 3 కలుస్తుంది. వెనుక విలుకాడు ఉన్నాడు, అడుగు పెట్టే చోటు లేదు.

మొదటి పోటు తప్పింది. రెండోది దిగింది: పాచిక మీద 5, దానికి 2 కలిపి 7, తోలు 2 ఆపగా 5. గుచ్చే ఆయుధం కాబట్టి రెట్టింపు, 10. హిట్ పాయింట్లు 14 నుంచి 4కి పడ్డాయి. ఒకే దెబ్బకు సగానికి మించి పోతే అది పెద్ద గాయం. ఆరోగ్యం మీద పాచిక వేయాలి, తప్పితే దిమ్మెరపోయి పడిపోవాలి. ఆరోగ్యం 10. పాచికల మీద 12 పడింది. పడిపోయినవాడి కాపుకు 3 తగ్గుతుంది, దిమ్మెరపోయినవాడికి 4 తగ్గుతుంది. హిట్ పాయింట్లలో మూడింట ఒక భాగం కూడా మిగలనందుకు తప్పుకునే సంఖ్య అసలే సగమైపోయింది. రెండో సెకనులో ఇంకో పోటు, ఇంకో 8. మళ్లీ ఆరోగ్యం మీద వేస్తే 15 పడింది. అయిదు తేడాతో తప్పితే స్పృహే పోతుంది. తోడున్నవాళ్లు వెనక్కి తగ్గారు, బందిపోట్లు అతన్ని లేవనివ్వలేదు.

మరునాడు పత్రం ముందేసుకుని లెక్కలు కట్టాను. ఆ బల్లెంగాళ్ల నైపుణ్యం 12, అంటే 74 శాతం. తప్పుకునే సంఖ్య 8 ఉన్నవాడి మీద ఇద్దరు దాడి చేస్తే కనీసం ఒక్క పోటైనా తగిలే అవకాశం దాదాపు 80 శాతం. తగిలితే ఆ పోటు పెద్ద గాయం కావడానికి సగానికి సగం అవకాశం. పాచిక మీద 4, 5, 6 ఏది పడినా సరిపోతుంది. పెద్ద గాయమైతే ఆరోగ్యం 10 మీద నిలబడే అవకాశం మళ్లీ సగం. వీటిలో ఏ ఒక్కటీ దురదృష్టం కాదు, అన్నీ మామూలుగా జరిగేవే.

ఇంకో విషయం నన్ను ఎక్కువ బాధించింది. నైపుణ్యాన్ని 16 నుంచి 18కి పెంచడానికి అతను 8 పాయింట్లు పెట్టాడు. ఈ ఆటలో 17, 18 పడితే ఎవరికైనా తప్పినట్టే లెక్క. కాబట్టి మామూలు దాడికి 16 ఉన్నవాడికీ 18 ఉన్నవాడికీ తగిలే అవకాశం ఒకటే, 98 శాతం. అనూహ్యంగా గట్టి దెబ్బ పడే అవకాశమూ ఒకటే. ఆ అదనపు నైపుణ్యానికి ఉపయోగం లేకపోలేదు. దాడిలో మోసం చేర్చి, మన సంఖ్యలో 2 తగ్గించుకుంటే ఎదుటివాడి కాపులో 1 తగ్గుతుంది. కొత్త ఆటగాడికి ఆ ఎత్తు తెలియదు, అతను ఎన్నడూ వాడలేదు. 8 పాయింట్లు వాడకంలోకి రాని చోట పడి ఉన్నాయి. ఆరోగ్యం ఒక్కో మెట్టుకు 10. ఇంకో 2 కలిపి ఉంటే అతని ఆరోగ్యం 11 అయ్యేది. నిలబడే అవకాశం 50 నుంచి 62.5 శాతానికి పెరిగేది.

అప్పుడే నాకు ఈ పని చూసే చోటు మారింది. నేను సంవత్సరాలుగా కొత్తవాళ్ల పాత్రలు చూసేటప్పుడు "నీ వంతు వస్తే ఏం చేస్తావు?" అని అడిగేవాణ్ని. ఇప్పుడు అడిగేది వేరు: "నీ వంతు అయిపోయింది. ఎదుటివాడి వంతు మొదలైంది. ఇప్పుడు నీ చేతిలో ఏముంది?" ప్రాణం మీదికి వచ్చే ఆటలో పాయింట్లకు అసలైన ఫలితం ఆ సెకనులోనే వస్తుందని నా నమ్మకం. గొడ్డలివాడి చేతిలో ఆ సెకనుకు ఉన్నది 26 శాతం.

అదే ఆటగాడు, అవే 100 పాయింట్లు, రెండో పాత్ర. బలం 12 (20), చురుకుదనం 12 (40), ఆరోగ్యం 12 (20). కంబాట్ రిఫ్లెక్సెస్ 15 పాయింట్లు. పోరుకు అలవాటు పడిన ఒంటి చురుకు అది, ప్రతి కాపుకూ 1 కలుపుతుంది, హఠాత్తుగా దాడి జరిగినా త్వరగా తేరుకోనిస్తుంది. హై పెయిన్ థ్రెషోల్డ్ 10 పాయింట్లు. నొప్పి వల్ల తరువాతి వంతులో పని తడబడదు, పెద్ద గాయమైనప్పుడు నిలబడడానికి వేసే పాచికకు 3 కలుస్తుంది. లోపాల నుంచి మళ్లీ 20 వెనక్కి. మిగిలిన 15లో బల్లెం 13కి 4, డాలు 14కి 4, తక్కినవి ప్రథమ చికిత్స, చాకు, చాటుగా మెలగడం, పరిశీలన, ఎక్కడం మీద. ఇనుప గొలుసుల కవచం, లోహపు శిరస్త్రాణం, మధ్యరకం డాలు, ఒంటిచేతి బల్లెం.

అతను సులభంగా ఒప్పుకోలేదు. బలం 14 వదలడం అతనికి కష్టంగా అనిపించింది. "ఒక్క వేటుకు మనిషిని పడగొట్టలేనివాడు యోధుడెలా అవుతాడన్నా?" అని రెండు రోజులు వాదించాడు. అతని బాధలో న్యాయముంది. కొత్త పాత్ర పోటు ఒక పాచికకు మరో 1, సగటున 4.5, గొడ్డలి దెబ్బలో సగం కూడా కాదు. కాని రెండు విషయాలు కాగితం మీద చూపించాను. మొదటిది, ఆ గొడ్డలి రెండు వంతులకు ఒక్కసారే దిగుతుంది. బల్లెం ప్రతి వంతూ దిగుతుంది. రెండోది, గుచ్చే ఆయుధం రెట్టింపు గాయం చేస్తుంది కాబట్టి గుడ్డ కవచమున్న 11 హిట్ పాయింట్ల మనిషికి తగిలిన మూడు పోట్లలో రెండు పెద్ద గాయాలే అవుతాయి. పెద్ద గాయమైనవాడు చావనక్కర్లేదు, దిమ్మెరపోతే చాలు.

లెక్కలు విని ఊరుకున్నాడు గాని మనసు ఒప్పలేదు. చివరికి అదే నడవను, అదే ముగ్గురు బల్లెంగాళ్లను టేబుల్ మీద మళ్లీ పెట్టి ఆడించాను, కొత్త పత్రంతో మూడుసార్లు. మూడుసార్ల ఆటతో ఏదీ రుజువు కాదు, నాకు తెలుసు. కాని తన చేత్తో తాను పాచికలు వేసి, అయిదో సెకనులో కూడా తన మనిషి నిలబడి ఉండడం చూశాక వాదన ఆగిపోయింది.

ఆ నిలబడడం వెనుక లెక్క ఇది. డాలుతో అడ్డుకునే సంఖ్య: నైపుణ్యంలో సగం 7, దానికి 3, కంబాట్ రిఫ్లెక్సెస్‌కు 1, డాలు పరిమాణానికి 2, మొత్తం 13, అంటే దాదాపు 84 శాతం. బల్లెంతో కాచుకునేది 12. డాలు ఒక వంతులో ఒక్క దాడినే ఆపుతుంది, కాబట్టి మొదటి పోటుకు డాలు, రెండో పోటుకు బల్లెం. ఇద్దరు దాడి చేసినప్పుడు కనీసం ఒకటి తగిలే అవకాశం 80 శాతం నుంచి 30 దగ్గరికి దిగింది. తగిలినా గొలుసు కవచం 4 ఆపుతుంది. పాచిక మీద 1 గాని 2 గాని పడితే గాయమే లేదు. పెద్ద గాయం కావాలంటే 6 పడాలి. అది పడినా ఆరోగ్యం 12కు 3 కలిసి 15 మీద వేస్తాడు, అంటే 95 శాతం. హిట్ పాయింట్లు సున్నాకు దిగాక పోరాడాలంటే ప్రతి వంతూ ఆరోగ్యం మీద వేసి స్పృహ నిలుపుకోవాలి. వరుసగా మూడు వంతులు నిలిచే అవకాశం ఆరోగ్యం 10కి 12.5 శాతం, 12కి 40 శాతం పైగా. బలం నుంచి ఆరోగ్యానికి జరిపిన 20 పాయింట్లు ఇన్ని చోట్ల పనిచేస్తాయి. తప్పుకునే వేగంలో కూడా వాటి వాటా ఉంది.

నిజమైన పరీక్ష మూడు వారాల తరువాత వచ్చింది. పాడుబడిన కోట గుమ్మంలో డాలువాడు నిలబడ్డాడు. ఈసారి విలుకాడు అతని వెనుక కాదు, రెండు అడుగులు పక్కగా. ఇది మేము జట్టుగా పెట్టుకున్న నియమం: డాలు పట్టినవాడి వెనుక ఒక అడుగు ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. వెనక్కి ఒక అడుగు వేస్తే డాలు సంఖ్య 13 నుంచి 14 అవుతుంది, అది 91 శాతం. ఒక పాత్ర పత్రంలో ఎక్కడా కనిపించని ఈ ఒక్క మెట్టు జట్టు ఇచ్చింది. కంబాట్ రిఫ్లెక్సెస్ కోసం 15 పాయింట్లు పెట్టేవాళ్లు, దీన్ని మాత్రం ఉచితంగా వస్తున్నా మరచిపోతారు.

మొదటి రెండు సెకన్లు పోట్లన్నీ డాలుకు, బల్లేనికి తగిలి పోయాయి. మూడో సెకనులో ఒకటి దాటింది. పాచిక మీద 6. రెండు కలిపి 8, కవచం ఆపగా 4, రెట్టింపు 8. హిట్ పాయింట్లు 12 నుంచి 4. టేబుల్ దగ్గర ఎవరూ మాట్లాడలేదు. మొదటి పాత్ర పోయిన రాత్రి లాగే ఉంది. అతను మూడు పాచికలు చేతిలోకి తీసుకుని చాలాసేపు కలిపాడు. 13 పడింది. గొడ్డలివాడైతే ఆ 13తో నేల మీద ఉండేవాడు. డాలువాడు నిలబడ్డాడు. 4 అంటే 12లో సరిగ్గా మూడో వంతు, దానికంటే తక్కువ కాదు, కాబట్టి వేగం సగం కాలేదు. నొప్పికి తడబాటు లేదు. తన వంతు రాగానే పోటు వేశాడు: పాచిక 4, ఒకటి కలిపి 5, గుడ్డ 1 ఆపగా 4, రెట్టింపు 8. ఎదుటివాడు ఆరోగ్యం మీద తప్పి కూలిపోయాడు. పక్కనున్నవాణ్ని విలుకాడి బాణం తీసుకుపోయింది. డాలువాడు ఆ పోరులో పడగొట్టింది ఒక్కణ్నే, కాని అతను ఆ గుమ్మంలో ఉన్నంతసేపు విలుకాడి దగ్గరికి ఎవరూ రాలేదు.

ఈ తీరుకు ఉన్న కష్టాలు దాచను. ఇలాంటివాడు ఒంటరిగా పోరు ముగించలేడు, దెబ్బ వేసే తోడు కావాలి. పక్క నుంచి వచ్చే దాడికి కాపు 2 తగ్గుతుంది, వెనుక నుంచి వచ్చేదానికి అసలు కాపే ఉండదు. గుమ్మం లేని బయలు ప్రదేశంలో నలుగురు చుట్టుముడితే అంకెలన్నీ మారిపోతాయి. అన్నిటికంటే పెద్దది బరువు. కవచం 16 పౌండ్లు, డాలు 15, బల్లెం 4, శిరస్త్రాణం 5, చాకు, మందుల సంచి కలిపి 3. మొత్తం 43. బలం 12 ఉన్నవాడు ఇబ్బంది లేకుండా మోసేది 29. అంతకు మించినందుకు వేగం సెకనుకు 6 గజాల నుంచి 4కి తగ్గింది. బందిపోట్లు 5 గజాలు పరుగెత్తుతారు. అంటే గెలవలేని పోరు నుంచి అతను పారిపోలేడు.

ఇది నేను ముందు గమనించలేదు. గమనించింది అతనే. ఆ తరువాతి పోరులో ఎదుటివాళ్లు ఎనిమిది మంది. తోడున్నవాళ్లు తలుపు మూసి ఒత్తిపట్టుకున్న వ్యవధిలో అతను పత్రం చూసుకుని, పెన్సిలుతో ఒక కూడిక వేసి, "డాలు విప్పి ఇక్కడే పడేస్తున్నాను" అన్నాడు. 43 నుంచి 15 పోతే 28. వేగం మళ్లీ 6. తలుపు విరిగేసరికి జట్టంతా మెట్ల మీద ఉంది, అతను అందరికంటే వెనుక, బందిపోట్లకు సెకనుకొక గజం చొప్పున దూరమవుతూ. నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. మొదటి పాత్రను తయారు చేసినప్పుడు పారిపోవడం అన్న మాటే అతని నోట రాలేదు.

ప్రస్తుతం డాలువాడి హిట్ పాయింట్లు నిండుగా ఉన్నాయి, కొత్త డాలు దొరికింది, ఆటలో సంపాదించిన పాయింట్లు 4 చేతిలో ఉన్నాయి. డాలు నైపుణ్యం పెంచుతానని వచ్చాడు. 14 నుంచి 15కి సరిగ్గా 4 పాయింట్లే. కాని సగం లెక్కలో 15 కూడా 7గానే మిగులుతుంది, అడ్డుకునే సంఖ్య కదలదు. 16కి చేరాలంటే 8 కావాలి. అదే 4 బల్లెం మీద పెడితే 13 కాస్తా 14 అవుతుంది: తగిలే అవకాశం 84 నుంచి 91కి, కాచుకునే సంఖ్య 12 నుంచి 13కి. నేను ఈ లెక్క చెప్పబోయేలోపే అతను డాలు పక్కన రాసిన 15 చెరిపేసి, బల్లెం దగ్గర 14 అని రాసుకున్నాడు.